పుర్రచేతి బలం

జీవానందం సారుకు బేస్‌బాల్ పిచ్చి ఎలా అంటుకుందో ఆయనకే సరిగ్గా తెలియదు. బిట్రగుంట రైల్వే కాలనీలో పుట్టి, వాలీబాల్ ఆడి, డ్రిల్లు మాస్టారై, కావలికి తూర్పున సముద్రపు గాలి తగిలే ఒక హైస్కూలుకు వచ్చాడు. ఒకరోజు జిల్లా నుంచి సంచీడు సామాను దిగింది. తోలు తొడుగులు, లావుపాటి కర్ర, కుట్లు పైకి కనబడే బంతులు. వీటితో ఎలా ఆడాలో చెప్పిన నాథుడు లేడు. సెల్‌ఫోనులో వీడియోలు చూసి తాను నేర్చుకున్నాడు, ఆడపిల్లలకు నేర్పాడు. కొన్ని నియమాలు ఈనాటికీ ఆయనకు కొరుకుడు పడలేదు. పిల్లలు అడిగితే మాత్రం "ఆడతా ఉంటే అదే తెలస్తాది" అని దబాయించేవాడు. ఆదివారం గుడిలో ప్రార్థన చేసేటప్పుడు కూడా ఈయన చెయ్యి బంతి విసురుతూనే ఉంటుందని భార్య ఎలిశబెతు మొత్తుకునేది.

ఆ జట్టుకు ప్రాణం వినీల. తొమ్మిదో తరగతి, వరి పండించే రైతుల పిల్ల, పుర్రచేతి వాటం. ఆమె ఎడమచేత్తో విసిరిన బంతి ఎటు నుంచి వచ్చిందో కర్ర పట్టుకున్నవాళ్ళకు అంతుబట్టేది కాదు. రాష్ట్ర జట్టు ఎంపికలు దగ్గరపడ్డాయి. ఈసారి పిల్లల భుజాల బలం కొలిచి, బాగున్నవాళ్ళనే పంపాలన్నారు. కొలవడానికి నెల్లూరు నుంచి ఫిజియోథెరపిస్టు రేవతి మేడం వచ్చింది.

చూడటానికి తేలికైన పనే. పిల్ల కుర్చీలో కూర్చుని మోచెయ్యి నడుముకు ఆనించాలి. ఎదురుగా మేడం అరచేతిలో చిన్న మిషను పట్టుకుంటుంది. దాన్ని ముంజేత్తో బయటికి నెట్టాలి. ఎంత గట్టిగా నెడితే అంత పెద్ద అంకె. మిషను చిన్నది కాబట్టి నెట్టే చెయ్యి మేడం వేళ్ళకు తగులుతూనే ఉంటుంది. అందరికీ కుడిచేతి అంకె ఎక్కువ, ఎడమచేతిది తక్కువ వచ్చింది. కుడిచేతివాటం పిల్లలకు అది మామూలేనంది మేడం.

వినీలకూ అలాగే వచ్చింది. చిక్కంతా అక్కడే.

"విసిరే చెయ్యే నీరసంగా ఉంది సార్. భుజంలో దెబ్బేదన్నా ఉండొచ్చు. ఈ పిల్లను పంపలేం," అంది మేడం.

నిన్న సాయంత్రమే ఆ చెయ్యి విసిరిన బంతిని పట్టుకుని ఇంకో పిల్ల అరచెయ్యి కందిపోయింది. ఇదెక్కడి చోద్యం? జీవానందం మళ్ళీ కొలిపించాడు. అదే తంతు. మిషను చెడిందేమోనని తానే నెట్టి చూశాడు. అది భేషుగ్గా ఉంది.

"నొప్పుందా పాపా?"

"లేదు సార్."

"అన్నం తినే వచ్చినావా?"

"తినే వచ్చినా సార్."

తానే అతిగా ఆడించి పిల్ల భుజం పాడుచేశాడా? ఎంపికలు పోతాయని పిల్ల నొప్పి దాస్తోందా? ఏదీ పాలుపోక ఇంకొక్కసారి కొలవమని మేడంను బతిమాలాడు. ఈసారి అంకెను కాక పిల్లను చూశాడు. ఎడమచేత్తో నెట్టడం అవగానే వినీల కుడిచేత్తో మేడం చేతిని గబుక్కున తాకి కళ్ళకద్దుకుంది.

"అదేంది పాపా, మిషనుకు దండం పెడతా ఉండావు?"

"మిషనుకు కాదు సార్, మేడానికి. పెద్దోళ్ళను ఎడంచేత్తో నెడతా ఉండానుగదా. తప్పుగదా సార్."

మేడం తెల్లబోయింది. "అయితే గట్టిగా నెట్టనే లేదా నువ్వు?"

"ఎట్ట నెట్టేది మేడం? ఆ చేత్తో ఎవురికీ ఏదీ ఇయ్యబాక, పెద్దోళ్ళను తాకబాక అంటాది మా అవ్వ. మీరేమో నెట్టమంటిరి. ఎవురి మాట వినాల్నో తెలీక మెల్లంగా నెట్టినా."

"మరి బంతి ఇసరతావే?" అన్నాడు జీవానందం.

"బంతి మనిషి కాదుగదా సార్."

"తప్పేం లేదమ్మా, నెట్టు," అంది మేడం. వినీల ఆమె వంకా, సారు వంకా చూసింది. "ఏమనుకోబాకండి మేడం," అని కళ్ళు మూసుకుని నెట్టింది. మేడం కూర్చున్న ప్లాస్టిక్ స్టూలు కిర్రుమని వెనక్కి జరిగింది. అంకె కుడిచేతి అంకెను దాటిపోయింది. మేడం పడబోయి నిలదొక్కుకుని పకపకా నవ్వింది.

"ఈ పిల్లను పంపకపోతే ఇంకెవర్ని పంపుతాం సార్!"

జీవానందానికి పోయిన ప్రాణం లేచి వచ్చింది. వినీల మాత్రం నవ్వలేదు. ఎడమచేతిని ఒళ్ళో పెట్టుకుని చూసుకుంటోంది. కళ్ళనిండా నీళ్ళు.

"నొప్పి చేసిందా?" అని ఆయన కంగారుపడ్డాడు.

"లేదు సార్. పుట్టినకాడ్నించి ఈ చెయ్యి తగిలితే తిట్టేవాళ్ళే అందరూ. తగిలితే నవ్వింది ఈ మేడం ఒక్కరే సార్."

ఆయనకు సంతోషించాలో ఏడవాలో అర్థం కాలేదు. ఇంకో స్టూలు లాక్కుని వినీల ఎదురుగా కూర్చుని అరచెయ్యి చాపాడు.

"ఏదీ, నన్నొకసారి నెట్టు," అన్నాడు.