ఆ రాత్రి ‘అంతా సవ్యం’ అన్నదెవరు?

ఒట్టు పెట్టమంటారా? పెట్టను. నిజం చెప్పేవాళ్ళకు ఒట్టెందుకు అనేవారు మా నాన్న. అందుకని ఒట్టు లేకుండానే చెబుతున్నాను. ఇది జరిగింది. నాకే జరిగింది. బెజవాడలో, కాలువ పక్కనున్న ఒక చిన్న జైల్లో, ఆడవాళ్ళ వార్డులో. డెబ్భైల్లో మాట. నవ్వుతారని తెలుసు. నవ్వండి. ఇప్పుడైతే నాకూ నవ్వొస్తుంది... పగటిపూట.

నేను బడి మొహం చూడలేదు. మంగళగిరిలో మా ఇంటి అరుగు మీదే నాన్న చదువు చెప్పారు. ప్రైవేటుగా మెట్రిక్ కట్టి, దేవుడి దయవల్ల గట్టెక్కాను. నాన్న పోయాక అమ్మ మగ్గాలవాళ్ళకు కండెలు చుట్టి ఇల్లు నడిపింది. ఆమె చూపు మందగించే వేళకు నాకు ఈ వార్డరు ఉద్యోగం దొరికింది. జీతం చేతికొచ్చిన ప్రతిసారీ మోకరించి స్తోత్రం చెప్పుకునేదాన్ని. కానీ ఇంకా పర్మనెంటు కాలేదు.

ఖాకీ చీర, దాని మీద తోలు బెల్టు. అప్పట్లో నేను పుల్లలా ఉండేదాన్ని. బెల్టు జారిపోయేది. ఒక చేత్తో బెల్టు, ఒక చేత్తో లాఠీ పట్టుకొని నడుస్తుంటే, ఖైదీలు మొహాలు తిప్పుకొని నవ్వేవాళ్ళు.

మొదటిసారి ఒంటరిగా రాత్రి డ్యూటీ పడినప్పుడు, మా హెడ్ వార్డరు కాంతమ్మగారు పద్ధతి చెప్పారు. చీకటి పడే వేళకు ఖైదీలందరినీ పెద్ద గదిలో పెట్టి తాళం వేస్తారు. ఆ తాళంచెవి తీసుకొని ఆవిడ బయటికి వెళ్ళి, వార్డు బయటి తలుపుకూ తాళం వేస్తారు. తాళంచెవులు రెండూ ఆఫీసుకు వెళ్ళిపోతాయి. మధ్యలో మిగిలేది వరండా, కొళాయి, తిరగలి ఉన్న రేకుల షెడ్డు... నేను.

“గంట గంటకూ గోడ మీది సెంట్రీ కేకేస్తాడు. ‘అంతా సవ్యం’ అని గట్టిగా పలకాలి. వరసగా మూడుసార్లు కేకేసినా పలకలేదనుకో, ప్రమాదగంట కొట్టేస్తాడు. జైలరుగారు లుంగీతోనే పరుగెత్తుకొస్తారు. ఉత్తపుణ్యానికి ఆయన్ని లేపావో, పొద్దున్నే పెట్టె సర్దుకో. నీ ముందొచ్చిన పిల్ల అలాగే పోయింది. విన్నావా?”

“విన్నానండీ. మరి భయమేస్తే?”

“ఏముంది! ‘అంతా సవ్యం’ అనడమే.”

ఆ రాత్రి వాన పట్టుకుంది. కరెంటు పోయింది. లాంతరు వెలుతురులో గోడ మీద నా నీడ మాత్రం లావుగా, ఆఫీసరులా కనిపించింది. కొంచెం సంతోషం వేసింది కూడా. మొదట్లో కేకలన్నిటికీ బాగానే పలికాను.

తర్వాత... వినిపించింది.

గర్ర్...

ఆగింది.

గర్ర్... గర్ర్...

తిరగలి శబ్దం. పిండి విసిరిన ఆడదెవరూ పొరబడదు. షెడ్డులోంచి వస్తోంది.

గదిలో మస్తానమ్మ లేచి ఊచల దగ్గరికొచ్చింది. బస్టాండులో పర్సులు కొట్టేసిన కేసు ఆమెది.

“అమ్మగారూ, ఈ ఏళప్పుడు ఇసురుతున్నారేంటండీ? పొద్దుటి జావకా?”

“నేనిక్కడే ఉన్నానుగా!”

“మరి అక్కడెవరండీ?”

ఆమె వెనకే సీతారావమ్మ వచ్చింది. దివిసీమ లంకల్లో సారా కాచిన పెద్దావిడ. “పిడి ఆపీసులో ఉందిగదంటే! సాయంత్రం కాంతమ్మగారు పీక్కెళ్ళటం నేను చూళ్ళేదూ?”

నిజమే. జైల్లో కర్రముక్క కూడా ఆయుధమే. అందుకే రోజూ సాయంత్రం తిరగలి పిడి పీకి, తాళంచెవులతో పాటు ఆఫీసులో పెడతారు. పిడి లేని రాయి ఎలా తిరుగుతుంది?

గర్ర్... గర్ర్...

నేను ఊచలకు అతుక్కుపోయాను. “మీరేం... మీరేం భయపడకండి,” అన్నాను.

“మాకేం భయమండీ? మేం లోపలున్నాం, ఇంత లావు తాళం ఏసుంది. మీరే బయటున్నారు పాపం,” అంది మస్తానమ్మ.

అప్పుడు అర్థమైంది. ఆ వార్డులో దానితో పాటు చిక్కుకుపోయింది నేనొక్కదాన్నే. ఖైదీలను చూసి అసూయపడ్డాను.

“నన్ను కూడా లోపలికి...” నోరు జారాను.

“ఊరికే రానిస్తారా తల్లీ? ఏదో ఒక నేరం చెయ్యాల,” అంది సీతారావమ్మ. అని, ఊచల సందులోంచి చెయ్యి చాపి నా బెల్టు గట్టిగా పట్టుకుంది. “నేను పట్టుకున్నాలే. నిన్నెవరూ తీసకపోరు.”

అంతలో గోడ మీది నుంచి కేక. “ఆడవాళ్ళ వార్డూ...!”

నోరు తెరిచాను. గాలి వచ్చింది. మాట రాలేదు.

“ఆడవాళ్ళ వార్డూ...!”

“పలకండి అమ్మగారూ! గంట కొడితే మమ్మల్ని వానలో నిలబెట్టి లెక్కెడతారు!”

నువ్వు పలుకు అని సైగ చేశాను. “అమ్మో! వార్డరు బదులు మేం పలికితే శిక్ష పెరుగుద్దండీ,” అని మస్తానమ్మ నోరు మూసుకుంది.

అమ్మ కళ్ళు గుర్తొచ్చాయి. పొద్దున్నే సర్దుకోవలసిన పెట్టె గుర్తొచ్చింది. ప్రార్థన చేద్దామంటే నాన్న నేర్పినవన్నీ ఎగిరిపోయాయి. మనసులో మెదిలింది ఒక్కటే... భోజనానికి ముందు చేసేది. ప్రభువా, మా ముందు ఉంచిన దీనిని దీవించుము... నా ముందున్నదేమిటో తెలియకుండానే దీవించమని అడిగేశాను.

మూడో కేక. “ఆడవాళ్ళ వార్డూ...!”

తిరగలి ఆగింది.

రేకుల చూరు నుంచి నీళ్ళు... టప్... టప్... నా బెల్టు మీది చెయ్యి బిగిసింది.

“అంతా సవ్యం...!”

ఆడగొంతు. తీరుబడిగా... చేతిలో పని చూసుకుంటూ, తలెత్తకుండా పలికినట్టు.

సెంట్రీ దగ్గాడు. బూట్ల చప్పుడు దూరమైంది. తిరగలి మళ్ళీ తిరగలేదు. తర్వాతి గంటల కేకలకు ఎలాగో నేనే పలికాను. సీతారావమ్మ తెల్లారేదాకా బెల్టు వదల్లేదు. నేనూ వదలమనలేదు.

పొద్దున తలుపు తీస్తూనే కాంతమ్మగారు, “ఏం గొంతే అమ్మాయ్ నీది! కొత్తవాళ్ళెవరూ అంత నిబ్బరంగా పలకలేదని సెంట్రీ ఒకటే మెచ్చుకోవడం. జైలరుగారికి నీ గురించి నేను చెబుతాగా!” అన్నారు.

ఆవిడ అటు వెళ్ళగానే సీతారావమ్మ చేతులు పట్టుకున్నాను. “శిక్ష పెరుగుతుందని తెలిసి కూడా పలికావు. నీ మేలు మరచిపోను.”

“నేనా?” అంది. “నిన్ను పట్టుకునేసరికే నాకు సరిపాయె. నువ్వే పలికావనుకున్నా.”

మస్తానమ్మ దుప్పటి ముసుగులో ఉందట. గదిలో అందరినీ అడిగాను. అందరూ కాదన్నారు. శిక్ష భయంతో ఎవరైనా దాచారేమో. దాచి ఉండవచ్చు. కానీ ఆ గొంతు నా వెనక గదిలోంచి రాలేదు. ఎదురుగా, షెడ్డు వైపు నుంచి వచ్చింది. నాకలా అనిపించింది. వానలో ఏ చప్పుడు ఎటు నుంచి వస్తుందో ఎవరు చెప్పగలరు? షెడ్డులోకి తొంగి చూశాను. రాయి చల్లగా ఉంది. పిడి ఉండవలసిన చోట ఉత్త బెజ్జం. కాంతమ్మగారు పిడి తెచ్చి దిగ్గొట్టారు. ఆడవాళ్ళు కబుర్లాడుకుంటూ రాగులు విసరడానికి కూర్చున్నారు. ఆ జావ నేను తాగలేదు.

ఉద్యోగం పర్మనెంటయింది. అమ్మ కంటికి ఆపరేషను చేయించాను. ఇప్పటికీ రాత్రి ప్రార్థనలో, నాకు మేలు చేసిన ఒక్కొక్కరి పేరూ చెప్పి దేవుడికి కృతజ్ఞత చెప్పుకుంటాను. ఆ రాత్రి నా బదులు పలికినవాళ్ళ వంతు కూడా వస్తుంది. పేరు తెలియదు కదా... అక్కడ కొంచెంసేపు ఆగుతాను.

ఆగినంతసేపూ కళ్ళు మాత్రం తెరవను.