పక్కింటి విత్తనం

భయమంటే నాకు ఇప్పటికీ జొన్నలే గుర్తొస్తాయి.

యుద్ధం రోజులు, తిండిగింజల మీద సర్కారు కంట్రోలు. అమీర్‌పేట దగ్గర పోలీసులు మా బస్సును ఆపారు. పర్మిట్ లేని గింజలు ఎవరి దగ్గర దొరికితే వాళ్లను కిందికి దింపి తీసుకుపోతున్నారు. నా పక్కన కూర్చున్న పల్లెటూరి అవ్వ తన మూట తీసి నా ఒళ్లో పెట్టి, నా సంచిని తన ఒళ్లోకి లాక్కుంది.

"జొన్న విత్తనం బిడ్డా. జర పట్టుకో."

మూట తిరిగి ఇచ్చేయబోయాను. అప్పటికే జవాను వచ్చి అవ్వ ఒళ్లోని సంచి తెరిచాడు. నా బైబిలు, రెండు చీరలు కనిపించాయి. తర్వాత నా వైపు చూశాడు. నేను మూటను కడుపుకు అదుముకున్నాను. నా పట్నం వేషం చూసి కాబోలు, ఏమీ అడగకుండా ముందుకు పోయాడు.

బస్సు కదిలాక నాకు కోపం వచ్చింది. "నన్ను జైలుకు పంపుతుంటివి గద అవ్వా! నీ గింజలు నువ్వు పట్టుకోవద్దా?"

"నాయి గావు బిడ్డా, పక్కింటోళ్లయి. పంజాగుట్ట కాడ వాళ్ల చేన్ల విత్తనీకి తీస్కపోతున్న. మా ఊళ్లె రెండెకరాలోళ్లయినా, పదెకరాలోళ్లయినా ఎవ్వల విత్తనం వాళ్లింట్ల ఉంచుకోరు. నాది వాళ్లు దాస్తరు, వాళ్లది నేను దాస్త. ఆకలైతే మనది మనం తినేస్తం. మందిది తియ్యబోతే చెయ్యి వణుకుతది. గా వణుకుతోనే కరువుల సుత అందరికి విత్తనం మిగుల్తది."

పంజాగుట్టలో మూట తీసుకుని దిగిపోయింది. కాసేపటికి చూసుకుంటే, ఒళ్లో లేని మూటను నా చేతులు ఇంకా అదిమి పట్టుకునే ఉన్నాయి.