నేనొక్కదాన్నే లేపగలిగిన బండి

తొంభైల మొదట్లో నేను ములకలపల్లి దగ్గర, అడవి అంచునున్న ఒక సబ్‌సెంటర్లో నర్సుగా పనిచేసేదాన్ని. నా కింద ఏడు ఊళ్లు. మూడింటికి రోడ్డుంది. మిగతా నాలుగింటికి కలప లారీలు తొక్కిన బాటే దారి. పొద్దున ఒక బస్సు, సాయంత్రం ఒక బస్సు, అవీ పెద్ద రోడ్డు దాకానే. అందుకని ఒక మోపెడ్ కొనుక్కున్నాను. పెడళ్లున్న బండి. సైకిలు తొక్కినట్టు తొక్కితే స్టార్టయ్యేది. ఎత్తు వస్తే మళ్లీ తొక్కితేనే ఎక్కేది. ఐసు ముక్కలు పెట్టిన టీకాల డబ్బాను వెనక క్యారియర్ మీద పాత ట్యూబుతో బిగించి కట్టేదాన్ని.

ఐదేళ్లు దాని మీదే తిరిగాను. ఇప్పుడు దాన్ని తక్కువ చేసి మాట్లాడను. చక్రాలు పెద్దవి కాబట్టి గుంటలో దిగినా తేలిగ్గా లేచేది. వాగులో నీళ్లుంటే ఇంజిను ఆపి నెట్టుకుంటూ దాటేదాన్ని. దాని చప్పుడు వినగానే సూది వచ్చిందని పిల్లలు గడ్డివాముల వెనక దాక్కునేవాళ్లు. తల్లులు నవ్వుకుంటూ వాళ్లను లాక్కొచ్చేవాళ్లు. ఎక్కడైనా ఆగిపోతే ప్లగ్గు విప్పి, చీర కొంగుతో తుడిచి, మళ్లీ బిగించడం నాకు అలవాటైపోయింది.

ఆ బండి ఇక చాలదని నాకు తెలిసింది ఒక ఎండాకాలపు పొద్దున.

అడవి లోపలి ఊళ్లో ఒక గర్భిణి. ఎనిమిదో నెల. కాళ్లు బాగా వాచాయి, బీపీ చూస్తే ఎక్కువగా ఉంది. వెంటనే పాల్వంచ దవాఖానాకు పంపాలి. ఆమె భర్త బీడీల తునికాకు కోసే పనికి అడవికి వెళ్లాడు. ఎడ్లబండి కట్టించుకుని వెళ్లేసరికి బస్సు పోతుంది. వాళ్ల అత్తను పెద్ద రోడ్డుకు అడ్డదారిన నడిచి రమ్మని చెప్పి, టీకాల డబ్బా ఆ ఇంట్లోనే పెట్టి, ఆమెను వెనక ఎక్కించుకున్నాను.

ఊరు దాటాక ఒక గుట్ట ఎక్కాలి. సగం ఎక్కేసరికి బండి మూలగడం మొదలుపెట్టింది. పెడళ్లు తొక్కాను. చీర మోకాళ్లకు చుట్టుకుపోతోంది. ఇంకొంచెం కదిలి బండి నిలబడిపోయింది. నేను ఏమీ అనకముందే ఆమె దిగింది.

“దిగొద్దు, కూసో. నేను దిగి నెట్టుకుంట వస్త,” అన్నాను.

“నన్ను కూసోబెట్టి నువ్వెట్ల నెడతవమ్మా? నీ బండికి ఊపిరాడుత లేదు. నేను నడుస్త పా.”

నేను దిగి హ్యాండిలు పట్టుకున్నాను. ఆమె వెనకాలే వస్తోంది. కొంచెం పైకి వెళ్లాక బండి తేలికైనట్టు అనిపించి తిరిగి చూశాను. ఆమె ఒక చేతిని క్యారియర్ మీద వేసి బండిని తోస్తోంది. రెండో చేయి పొట్ట మీద ఉంది. నేను వద్దంటే క్యారియర్ మీది చేయి తీసేసింది. నాలుగడుగులు పోయాక మళ్లీ వేసింది.

బస్సు అందింది. అత్త కూడా సమయానికి వచ్చింది. ఇద్దరినీ ఎక్కించి పంపాను. కొన్నాళ్లకు ఆడపిల్ల పుట్టింది, తల్లీబిడ్డా బాగున్నారు. జరగరానిది ఏదీ జరగలేదు. అయినా ఆ గుట్ట మీది సంగతి వారం రోజుల పాటు ఎవరికీ చెప్పలేకపోయాను. ఎవరైనా వింటే నవ్వి వదిలేసే సంగతే. నాకు మాత్రం నవ్వు రాలేదు. నేను తీసుకెళ్లాల్సిన మనిషి నా బండిని తోసింది.

చివరికి ఒక ఆదివారం, చర్చి నుంచి ఇంటికి నడుస్తూ మా ఆయనకు చెప్పాను. ఆయన మేముండే ఊళ్లోనే ప్రైమరీ స్కూల్ టీచరు. బడికి నడిచే వెళ్లేవాడు. చెప్పిందంతా విని అన్నాడు.

“స్కూటర్ తీసుకుందాం. మంచి గేర్ల స్కూటర్. గుట్ట గాదు, ఏదైనా ఎక్కుతది.”

ఆ మాట అన్నప్పుడు ఆయన ముఖం వెలిగింది. ఆ వెలుగు నా కోసమే అనుకున్నాను.

ఆ రోజుల్లో స్కూటర్ అంటే అందరి మనసులో ఒకటే బొమ్మ. ఇనుప బాడీ, ఎడమచేతి పిడిలో గేర్లు, ముందు బిడ్డ నిలబడి, వెనక భార్య పక్కకు కూర్చుని వెళ్లే పెద్ద స్కూటర్. పొద్దున్నే బండిని ఒక పక్కకు వంచి, పెట్రోలు దిగేదాకా ఆగి, అప్పుడు కిక్కు కొట్టేవాళ్లు. ఇంటి ముందు అది నిలబడి ఉంటే ఆ ఇంటికి ఒక లెక్క. మా ఊళ్లో హెడ్మాస్టరుగారికి ఒకటుండేది. మా ఆయన అడిగితే ఆయన సంతోషంగా ఇచ్చారు, నేర్చుకోండమ్మా అని.

సెలవు రోజున బడి గ్రౌండులో మొదలుపెట్టాం. కిక్కు కొట్టడమే నాకు పెద్ద పనైంది. చీర కుచ్చిళ్లు ఒక చేత్తో పట్టుకుని, బండిని రెండో చేత్తో ఆపుకుని, కాలితో బలమంతా పెట్టి తన్నాలి. మా ఆయన పక్కన నిలబడి “క్లచ్చి పట్టు, గేరెయ్, మెల్లగ వదులు,” అని చెబుతూనే ఉన్నాడు. మూడో రోజుకు గ్రౌండు చుట్టూ తిరగడం వచ్చింది. గర్వం కూడా వచ్చింది. నాలుగో రోజు మలుపు దగ్గర వేగం తగ్గించి, కాలు కింద పెట్టబోయేసరికి బండి కుడివైపు ఒరిగింది. ఇంజిను బరువంతా ఆ పక్కనే ఉంటుందట. నేను ఆపలేకపోయాను. మెల్లగా, నాకు తెలుస్తూనే, పడిపోయింది. నా మోచేయి గీరుకుపోయింది. పెట్రోలు కారుతోంది.

లేపబోయాను. కదల్లేదు. మళ్లీ పట్టాను. ఈసారి జానెడు లేచి, మళ్లీ కూలబడింది. మా ఆయనా, అటుగా పోతున్న ఇంకో మనిషీ పరుగెత్తుకొచ్చి చెరో పక్కా పట్టి లేపారు.

“దెబ్బ తాకిందా? ఏం గాదు, రెండు నెలల్ల అలవాటైతది,” అన్నాడాయన.

“అలవాటైతది సరే. కానీ ఆ బాటలో పడితే ఎవరు లేపుతరు?”

ఆ బాటలో ఒక్కోసారి గంటసేపు నడిచినా మనిషి కనిపించడు. ఆ సంగతి ఆయనకూ తెలుసు.

పక్క సెంటర్ నర్సు దగ్గర చిన్న స్కూటరొకటి ఉండేది. పెడళ్లు ఉండవు, గేర్లు ఉండవు, రంగు బాగుంటుంది. ఆమెను వెనక ఎక్కించుకుని గుట్ట దాకా వెళ్లి చూశాను. నా మోపెడ్ ఆగిన చోటికి ఇంకో ఇరవై గజాలు పైకి ఎక్కి, అది కూడా ఆగిపోయింది. ఇద్దరం దిగి నవ్వుకున్నాం. “ఇది టౌన్ల తిరగనీకే అక్కా,” అందామె. ఆ ఇరవై గజాల కోసం బండి మార్చడం ఎందుకనిపించింది.

అప్పుడప్పుడే మా వైపు వస్తున్న ఇంకో రకం బండి ఒకటుంది. మోపెడ్ కన్నా పెద్దది, పెద్ద స్కూటర్ కన్నా చిన్నది. గేర్లు లేవు. బటన్ నొక్కితే స్టార్టవుతుంది, కావాలంటే కిక్కూ ఉంది. దాని గురించి అడగడానికి ములకలపల్లి బస్టాపు పక్కన షెడ్డులో ఉండే మెకానిక్ దగ్గరికి వెళ్లాను. నా మోపెడ్‌ను ఐదేళ్లు బతికించింది ఆయనే. పెద్దాయన, తక్కువ మాట్లాడతాడు.

“ఇద్దర్ని లాగుతది నర్సమ్మా. అండ్ల డౌటు లేదు. గని చక్రాలు చిన్నయి. ఇసుకల కష్టం. లోపల బెల్టు ఉంటది, అది తెగితే నేను గూడ ఏం చెయ్యలేను, కొత్తగూడెం నుంచి తెప్పియ్యాలె.”

“మరి పెద్ద స్కూటరే నయమంటవా భాయ్?”

“నాకైతే అదే నయం. నేను రిపేరు చేసేటోణ్ణి. నడిపేది నువ్వు.”

ఆ మాటతో ఇంటికొచ్చాను. అప్పటిదాకా అందరినీ ఏది మంచి బండి అని అడుగుతున్నాను. నేను ఎక్కడ తిరుగుతానో, నాతో ఎవరుంటారో, పడితే ఏం చేస్తానో, ఆ లెక్క నేనే వేసుకోవాలని అప్పుడు తోచింది.

కొత్తగూడెం షోరూముకు ఇద్దరం వెళ్లాం. పెద్ద స్కూటర్లు ఒక వరుస, మధ్య రకం రెండే. సేల్స్‌మన్ కుర్చీలు వేయించి, టీ తెప్పించి, రంగుల గురించీ డిక్కీ గురించీ చెప్పాడు. మా ఆయన పెద్ద స్కూటర్ పక్కన నిలబడి హ్యాండిలు మీద చేయి వేశాడు. నేను మధ్య బండి చుట్టూ ఒకసారి తిరిగాను. కాళ్ల దగ్గర డబ్బా పెట్టుకునేంత చోటుంది. కూర్చుంటే రెండు పాదాలూ నేలకు ఆనాయి.

“దీన్ని ఒకసారి కింద పడేస్తరా?” అని అడిగాను.

సేల్స్‌మన్‌కు అర్థం కాలేదు. “ఏంది మేడమ్?”

“పక్కకు పడుకోబెట్టండి. నేను లేపి చూస్త.”

“గిట్ల ఎవ్వరు అడగలే మేడమ్. కొత్త బండి, గీతలు పడ్తయి.”

“కొనేది నేనే గదా.”

సేల్స్‌మన్ లోపలికి వెళ్లి యజమానితో మాట్లాడి వచ్చాడు. ఒక పాత బండి, వాళ్లు నడిపి చూపించడానికి వాడేది, బయటకు తీసుకొచ్చి గోనె సంచుల మీద పడుకోబెట్టారు. రోడ్డు మీద పోయేవాళ్లు ఇద్దరు ముగ్గురు ఆగారు. నేను కొంగు నడుముకు దోపి వంగాను. మొదటిసారి హ్యాండిలు పట్టి లాగితే ముందు చక్రం తిరిగిపోయి బండి జారింది. మా ఆయన ఒక అడుగు ముందుకు వేశాడు.

“మీరు పట్టొద్దు,” అన్నాను.

ఆయన ఆగిపోయాడు. ఈసారి ఒక చేత్తో హ్యాండిలు, రెండో చేత్తో వెనక సీటు కింది కడ్డీ పట్టి, మోకాళ్లు వంచి, మంచాన పడ్డ రోగిని లేపినట్టు లేపాను. బండి లేచి నిలబడింది. రోడ్డు మీద ఎవరో “శభాష్” అన్నారు. నాకు సిగ్గేసింది. మా ఆయన నవ్వుతూనే ఉన్నాడు గానీ, ఒకసారి లోపలి వరుస వైపు చూసి, మళ్లీ నా వైపు తిరిగి “అయితే ఇదే,” అన్నాడు.

మెకానిక్ చెప్పిన ప్రతి మాటా నిజమే. మొదటి నెలలోనే వాగు ఇసుకలో రెండుసార్లు పడ్డాను. మోపెడ్ దాటిన చోట ఇది దాటలేదు. ఇసుక దగ్గర దిగి నడిపించుకోవడం నేర్చుకున్నాను. వానాకాలంలో ఒక ఊరికి దారి మార్చుకుని, మూడు మైళ్లు ఎక్కువ తిరగాల్సి వచ్చింది. పోగొట్టుకున్నవి కొన్ని ఉన్నాయి. కానీ ఆ తర్వాత ఎంతోమందిని వెనక కూర్చోబెట్టుకుని గుట్ట ఎక్కించాను. ఒక్కరూ దిగలేదు.

రెండు మూడు నెలలయ్యాక సర్వీసింగుకని మెకానిక్ దగ్గరికి వెళ్లాను. ఆయన పని చేసుకుంటూ, మామూలుగా అన్నాడు.

“సారు బాధపడలేదు గదా నర్సమ్మా?”

“ఎందుకు?”

“సారు రెండేండ్ల సంది నాకు చెప్పి పెట్టిండు. పెద్ద స్కూటర్, మంచి సెకండ్ హ్యాండ్ వస్తే చెప్పు భాయ్ అని. పోయిన్నెల ఒకటొచ్చింది. ఇంక వద్దులే అన్నడు.”

ఆ ఆదివారం ఆయన ముఖంలో వచ్చిన వెలుగు గుర్తొచ్చింది. షోరూములో హ్యాండిలు మీద వేసిన చేయి గుర్తొచ్చింది. ఇంటికి ఒక్క బండే కొనగలం. ఆ ఒక్కదాన్ని నేను నా చేతులకు సరిపోయేలా ఎంచుకున్నాను. ఆయన చేతుల సంగతి అడగనే లేదు.

ఇంటికొచ్చి, అన్నం వడ్డిస్తూ అడిగాను. “పెద్ద స్కూటర్ కావాలని మీకు ఉండెనా?”

“అవ్, ఉండె,” అన్నాడు దాచకుండా. “నా చిన్నప్పుడు మా ఊరికి ఒక ఇన్స్పెక్టర్ దాని మీద వచ్చేటోడు. అప్పటిసంది ఉండె.”

“మరి చెప్పలేదేంది?”

“చెప్తే నువ్వు అదే కొంటుంటివి. కొని, ఆ బాటల పడుతుంటివి. నేను ఈడ బడిల కూసొని నువ్వు వచ్చిందాక రోడ్డు దిక్కు చూసుడు... నాతోని గాదు.” కాసేపు తిని, “పచ్చడెయ్,” అన్నాడు.

ఆయన కోరికను నేను తీసేసుకున్నానా, ఆయనే ఇచ్చాడా అని చాలాసార్లు ఆలోచించాను. ఇప్పటికీ తేల్చుకోలేదు. ఆ తర్వాత ఏదైనా కొనేటప్పుడు, మంచం కొన్నా, ఫ్యాన్ కొన్నా, “మీకేం కావాలె?” అని ముందు అడగడం మాత్రం నేర్చుకున్నాను. ఆయన ప్రతిసారీ “ఏదైనా మంచిదే” అనేవాడు. నేను మళ్లీ అడిగేదాన్ని. రెండోసారికి నిజం చెప్పేవాడు.

ఆదివారాలు చర్చికి ఆ బండి మీదే వెళ్లేవాళ్లం. నాకు నడిపే అలవాటు ఎక్కువ కాబట్టి నేను ముందు, ఆయన వెనక, ఒళ్లో బైబిలు సంచి. ఆడమనిషి నడుపుతుంటే మగమనిషి వెనక కూర్చోవడం ఆ రోడ్డు మీద ఎవరూ చూసి ఉండరు. టీ కొట్టు దగ్గర కూర్చున్నవాళ్లు తలలు తిప్పి చూసేవాళ్లు. మొదట్లో టీ కొట్టు ఇంకా కొంత దూరం ఉందనగా ఆయన నా భుజం తట్టేవాడు. “ఆపు, కాళ్లు పట్టేసినయి, కొంచెం నడుస్త,” అని దిగి, మిగతా దారి నడిచి వచ్చేవాడు. నేను నిజమే అనుకున్నట్టు ఆపేదాన్ని. చర్చి గోడ దగ్గర బండి పెట్టి, ఆయన వచ్చేదాకా నిలబడేదాన్ని. ఆ విషయం మా మధ్య ఎప్పుడూ మాటల్లోకి రాలేదు.

ఒక ఆదివారం వాన పడుతోంది. చర్చి గోడ దగ్గర బండి ఆపి చూసుకుంటే ఆయన ఇంకా వెనకే ఉన్నాడు, సంచిని చొక్కా లోపల పెట్టుకుని. వాన కదా, అందుకే దిగలేదనుకున్నాను. ఆ మరుసటి వారం వాన లేదు. ఆయన దిగలేదు.