జేబులో ఫీజు, తెర మీద నర్సమ్మ

దయ్యాలూ భూతాలూ నా దగ్గర చెల్లవు. చిన్నప్పటి నుంచీ అంతే. రాయగడలో మా వీధిలో, పొట్టంగి ఘాట్ రోడ్డు మీద లారీలు ఆపే తెల్లచీర మనిషి కథ తెలియనివాళ్లు లేరు. ఆ కథ ఎవరు మొదలెట్టినా నేను ఒకటే అడిగేదాన్ని, ఆ లారీ డ్రైవరు పేరేమిటని. పేరు ఎవరికీ తెలియదు. చూసినవాడు ఎప్పుడూ ఎవరో తోడల్లుడి స్నేహితుడే. "ఈ అమ్మితో కబుర్లు సెప్పలేం" అని మా మేనత్తలు లేచి పోయేవారు.

కాబట్టి ఇప్పుడు నేను చెప్పబోయేదాన్ని కథ అనుకోకండి. జరిగింది నా కొట్లోనే, పట్టపగలు. చూసినవాళ్లలో మా నాన్న ఒకడు. ఆయన నాకంటే మొండి.

మాది విజయనగరం వైపు నుంచి వచ్చి రాయగడలో స్థిరపడ్డ వ్యాపార కుటుంబం. నాన్నది పప్పులు, నూనెల టోకు కొట్టు. నేను విశాఖలో కంప్యూటర్ నేర్చుకుని వచ్చి, ఆ కొట్టులోనే ఒక పక్క చెక్కగోడ కట్టించుకుని నా దుకాణం పెట్టాను. బోర్డు ఒరియాలో, తెలుగులో, ఇంగ్లీషులో రాయించాను. పెళ్లికార్డులు, టైపింగు, పాత ఫోటోలు బాగుచేయడం నా పని. రెండు కొట్లకూ మీటరు ఒకటే. తర్వాత జరిగిందంతా ఈ ఒక్క మీటరుతోనే ముడిపడి ఉంది.

ఎప్పుడో బజారులో మూసి ఉన్న కొట్టు ఒకటి షార్ట్ సర్క్యూట్‌తో తగలబడింది. ఆనాటి నుంచి మా నాన్నకు ఒక పద్ధతి. మధ్యాహ్నం కొట్టు కట్టేటప్పుడు కర్పూరం వెలిగిస్తాడు, మీటరు దగ్గరకెళ్లి తెల్ల పింగాణీ ఫీజు పీకుతాడు, కళ్లకద్దుకుని చొక్కా జేబులో వేసుకుంటాడు. ఆ చొక్కాతోనే భోంచేసి, ఆ చొక్కాతోనే పడుకుంటాడు. నాలుగింటికి కొట్టు తెరిచినప్పుడు ఆ ఫీజు మళ్లీ మీటరెక్కుతుంది. బజారంతా నవ్వుకునేది. ఆయన వినేవాడు కాదు. అందుకని రోజూ ఆయన కర్పూరం తీయగానే నేను కంప్యూటర్ ఆపేసుకునేదాన్ని.

అప్పట్లోనే, రెండువేల రెండో మూడో, నాకు కోర్సు చెప్పిన మాస్టారు విశాఖ నుంచి వచ్చినప్పుడు నా మెషీన్లో కొత్త సిస్టమ్ వేసి వెళ్లారు. నీలాకాశం కింద పచ్చగడ్డి దిబ్బ బొమ్మ ఉండేది, అది. నాకు మురిపెం ఇంతా అంతా కాదు. పాత సిస్టమ్‌లో ఒక ప్రోగ్రాం మొరాయిస్తే మొత్తం మెషీను మొరాయించేది. కొత్తదాంట్లో మొరాయించినదాన్ని ఒక్కదాన్నే మూసేయొచ్చు, మిగతావి వాటి మానాన అవి నడుస్తాయి.

అన్నిటికన్నా వింత, దాన్ని ఆపే పద్ధతులు. మామూలుగా ఆపితే అన్నీ మూతపడతాయి, దాచుకోని పని పోతుంది. స్టాండ్‌బైలో పెడితే కునుకు తీస్తుంది, కానీ కరెంటు పోయిందా, పని కూడా పోయినట్టే. మూడోది హైబర్నేట్. ఆపే పెట్టె వచ్చినప్పుడు షిఫ్ట్ మీట నొక్కి పట్టుకుంటే ఆ బొత్తాం కనిపించేది. అది నొక్కితే తెర మీదున్నదంతా ఉన్నదున్నట్టు డిస్కులో దాచుకుని అప్పుడు ఆగుతుంది. మళ్లీ వేయగానే నల్లతెర మీద చిన్న గీత నిండుతూ వచ్చి, ఏ కిటికీ ఎక్కడ తెరిచి ఉందో, బాణం గుర్తు ఎక్కడ ఆగిందో అక్కడే కనిపిస్తుంది. దానికోసం మాత్రం డిస్కులో చాలా చోటు వదలాలి. నా డిస్కు నిండా జనాల ఫోటోలే. రెండు వారాలు ముచ్చట తీర్చుకుని, సెట్టింగుల్లోకెళ్లి ఆ సదుపాయం తీసేశాను. నేనే, నా చేత్తో తీసేశాను. ఇది గుర్తుంచుకోండి.

ఆ రోజు గుణుపురం దగ్గర పల్లె నుంచి పొద్దుటి బస్సుకి పైడితల్లి వచ్చింది. రైతుల పిల్ల, పెళ్లి కుదిరింది. వెంట వాళ్ల అమ్మమ్మ. చేతిలో ఒక గుంపు ఫోటో. జేకేపూర్ కాగితం మిల్లు కాలనీలో, పైడితల్లి తల్లి పెళ్లికి ముందు కుట్టుపని నేర్చుకున్నప్పుడు తీసింది. తల్లి పేరు నర్సమ్మ. ఈ పిల్ల పాకే వయసులోనే పోయింది. ఇంట్లో ఆమెకున్న బొమ్మ ఇదొక్కటే. వానకి పెంకుటింటి గోడ చెమ్మగిల్లి, ఫోటో చట్రం అద్దానికి అతుక్కుపోయిందట.

"నేనే పీకేసేనక్కా" అంది పైడితల్లి. "సిన్నదాన్ని, తెలవలేదు. అమ్మ మొకం సగం అద్దానికే ఉండిపోనాది."

చూశాను. కుడి చెంప, కుడి కన్ను బాగానే ఉన్నాయి. ఎడమ వైపు ఉత్త తెల్ల కాగితం. గుణుపురంలో ఫోటో స్టూడియో వాళ్లు మావల్ల కాదన్నారట.

మర్నాడు పొద్దున్నే పైడితల్లికి నలుగు పెట్టి పెళ్లికూతురిని చేస్తారు. ఆ తర్వాత పెళ్లయ్యేదాకా ఊరి పొలిమేర దాటకూడదు. మొదటి నలుగు తల్లి పెట్టాలి. తల్లి లేదు కాబట్టి పిన్ని పెడుతుంది. కానీ ఎదురుగా పీట మీద అమ్మ ఫోటో ఉండాలని, దానికి పసుపు కుంకుమ పెట్టాకే తనకు పెట్టాలని ఈ పిల్ల పట్టు. "సగం మొకం ఎట్టుకుని నలుగు ఎట్టించుకోలేనక్కా. నేనే కదా సింపేసేను." ఆ మాట అంటున్నప్పుడు నా వైపు చూడలేదు, ఫోటో వైపే చూసింది. సాయంత్రం బస్సుకి మీ అమ్మ మొహం నీ చేతిలో పెడతాను అని మాటిచ్చేశాను.

మాటివ్వడం సులువే. ఉన్న సగాన్ని తిప్పి లేని సగంలో అతికించాను. చక్కగా కుదిరిందనుకుని ముసలావిడకు చూపించాను. ఆవిడ తెర దగ్గరకు మొహం పెట్టి చాలాసేపు చూసింది.

"నర్సమ్మ లాగున్నాది గానీ నర్సమ్మ కాదమ్మి" అంది.

"తేడా ఏదో చెప్పండి మామ్మా, దిద్దుతాను."

"ఏటో తక్కువైనాది. ఏటంటే నాను సెప్పలేను."

పెదవి మార్చాను, కాదంది. కన్ను కాస్త దించాను, కాదంది. చెంప నిండుగా చేశాను, "ఇదెవులమ్మి" అంది. కూతురి మొహం ఆవిడ కళ్లలో ఉంది, మాటలోకి రావడం లేదు. చివరికి విసిగి, నా అతుకులన్నీ చెరిపేసి, ఎడమ వైపు మళ్లీ తెల్లగా పెట్టుకుని కూర్చున్నాను. ముసలావిడ ఏడ్చి కళ్లు మండుతున్నాయంటే, వెనక కుళాయి దగ్గరకు తీసుకెళ్లి మొహం కడిగించాను.

తిరిగి వచ్చేసరికి నా తెర నల్లగా ఉంది. నాన్న షట్టరు సగం దించి నిలబడ్డాడు. కర్పూరం వాసన.

"నాన్నా, నా పని పోయింది" అన్నాను.

"తిండి వేళయిపోనాది కదమ్మి. అందరూ పదండి. ఆకలి కడుపుతో ఏ బొమ్మ దిద్దుతావు?"

కోపం నషాళానికంటింది. పొద్దున్నుంచీ చేసినదేదీ నేను దాచుకోలేదు. కరెంటు పోయినా కాసేపు ఆదుకునే యూపీఎస్ పాడైతే, జేకేపూర్‌లో రిపేరుకిచ్చి ఉన్నాం. ఇది గోరుచుట్టు మీద రోకటిపోటు. నాన్న షట్టరు దించి తాళం వేసి, తాళంచెవి మొలలో దోపుకున్నాడు. ఫీజు జేబులో తెల్లగా కనిపిస్తూనే ఉంది. నలుగురం ఇంటికెళ్లాం. అమ్మ వాళ్లిద్దరికీ అన్నం పెట్టింది. పైడితల్లి కలిపిన ముద్ద కలిపినట్టే ఉంచింది. నాన్న వసారాలో మడతమంచం మీద జేబు మీద చెయ్యేసుకుని గురక పెట్టాడు. నేను ఆయన్నే చూస్తూ కూర్చున్నాను, కోపంగా. అందుకే ఆ ఫీజు అక్కడి నుంచి కదల్లేదని ఒట్టేసి చెప్పగలను.

నాలుగింటికి కొట్టు తెరిచాం. నాన్న ఫీజు పెట్టాడు. ఫోటో మళ్లీ స్కాన్ చేసి మొదలెట్టాలి, బస్సు వేళకి కాదు, ఈ పిల్లకి ఏం చెప్పాలి అనుకుంటూ మెషీను వేశాను.

కరెంటు హఠాత్తుగా పోయి వస్తే డిస్కు తనిఖీ చేసుకుంటానంటూ నీలం తెర రావాలి. అది రాలేదు. నల్లతెర వచ్చింది. దాని మీద చిన్న గీత నిండుతూ వచ్చింది. నేను ఎప్పుడో తీసేసిన హైబర్నేట్ నుంచి లేచేటప్పుడు వచ్చే తెర అది.

గీత నిండింది. నా కిటికీలన్నీ ఉన్నవి ఉన్నచోటే తెరుచుకున్నాయి. పొద్దున్న సగంలో వదిలేసిన పెళ్లికార్డు ఒక మూల ఉంది. బాణం గుర్తు నేను వదిలిన చోటే ఉంది. మధ్యలో ఫోటో.

ఎడమ వైపు తెల్లగా లేదు. మొహం నిండుగా ఉంది.

అతుకు కాదది. ఎడమ కన్ను కుడి కన్నుకంటే కొంచెం చిన్నది. పెదవి ఆ వైపు కాస్త పైకి లేచి, నవ్వు ఆపుకుంటున్నట్టుంది. కనుబొమ్మ మధ్యలో సన్నటి గీత, అక్కడ వెంట్రుకలు లేవు. ఫోటో తీసిన వెలుగు, ఆ పాత కాగితపు గరుకు, అన్నీ కలిసిపోయాయి. అలా దిద్దడం నాకు ఇప్పటికీ రాదు. చివరగా చేసిన మార్పును వెనక్కి తీసుకునే మీట నొక్కాను. ఏమీ మారలేదు. మళ్లీ నొక్కాను. వెనక్కి తీసుకోవడానికి అక్కడ ఎవరూ చేసిన పనే లేదన్నట్టు ఊరుకుంది.

ముసలావిడ నా భుజం మీంచి వంగింది. కనుబొమ్మ మీద గీతను వేలితో ముట్టుకుంది.

"జీడిసెట్టు మీంచి పడిపోనాది" అంది మెల్లగా. "అప్పుడు పదేళ్లుంటాయేమో. మరిసేపోయేను. కన్నతల్లిని, నానే మరిసేపోయేను." తర్వాత మనవరాలి చెయ్యి పట్టుకుని తెర ముందుకు లాగింది. "ఇదే నర్సమ్మ. సూసుకో, మీయమ్మ."

పైడితల్లి చూసింది. ఏడవలేదు. నవ్వింది. అప్పుడు చూశాను, ఆ పెదవి కూడా ఎడమ వైపే లేస్తుంది.

ముందు దాచాను, ఆ తర్వాతే ఊపిరి తీసుకున్నాను. గుంపులోంచి నర్సమ్మను మాత్రం వేరు చేసి పెద్ద సైజులో అచ్చు తీసి, ఎదురుగా ఉన్న చట్రాల కొట్టులో అద్దం కట్టించాను, ఈసారి ఫోటోకి అద్దం తగలకుండా చుట్టూ అట్ట పెట్టించి. నాన్న వాళ్లను బస్సు దాకా తీసుకెళ్లి, కిటికీ పక్క సీట్లో కూర్చోబెట్టి వచ్చాడు. వచ్చి జేబులోంచి ఫీజు తీయబోయాడు. లేదు, మీటరులో ఉంది కదా. ఖాళీ జేబు తడుముకుంటూ నిలబడ్డాడు.

"పీజు నా జేబులో ఉంటే ఆ మిషనుకి కరెంటు ఏ బాబు ఇచ్చేడమ్మి?" అన్నాడు.

ఆ సాయంత్రమే సెట్టింగులు చూశాను. హైబర్నేట్ తీసేసే ఉంది. మాస్టారికి ఫోన్ చేశాను. అది తీసేస్తే దాచుకునే ఫైలే ఉండదు, ఆ నల్లతెర రానే రాదు, నువ్వు పొరపాటు పడ్డావు అన్నారు. సరే, ముఖం ఎవరు దిద్దారండీ అని అడిగాను. నువ్వే దిద్ది మర్చిపోయి ఉంటావు అన్నారు. నేను చూడని మచ్చను నేనెలా దిద్దుతాను? ఆ తర్వాత ఎన్నోసార్లు కావాలని ఫోటో తెరిచిపెట్టి నాన్న చేత ఫీజు పీకించాను. ప్రతిసారీ నీలం తెర వచ్చింది, పని పోయింది. చిరిగిన ఫోటో వాళ్లకి తిరిగి ఇచ్చేముందు మళ్లీ తీసుకున్న స్కాను నా దగ్గర ఇంకా ఉంది, అందులో సగం తెలుపే. రెండో అచ్చూ ఉంది. పక్కపక్కన పెట్టి చూపిస్తాను, లారీ డ్రైవరు పేరడిగినట్టు నన్ను ఏమైనా అడగండి. జరిగింది జరిగినట్టు చెప్పగలను, ఎలా జరిగిందో మాత్రం చెప్పలేను. మా నాన్న అయితే దసరాకి త్రాసుకీ, తూకపురాళ్లకీ బొట్టు పెట్టినప్పుడు ఆ ఫీజుకి కూడా పెట్టడం మొదలెట్టాడు. అడిగితే, "ఉండనీ, మన సామానే కదా" అంటాడు.

ఆ ఫోటో ఇచ్చి పంపిన మర్నాడు పొద్దుటి బస్సుకి నేనూ గుణుపురం దగ్గర వాళ్ల పల్లెకి వెళ్లాను. వెళ్లేసరికి ఇంటి ముందు పందిట్లో బాజాలు మోగుతున్నాయి. పైడితల్లి పీట మీద కూర్చుంది. ఎదుటి పీట మీద నర్సమ్మ, ఎడమ పెదవి కాస్త పైకెత్తి. అప్పటికే పసుపు రాసి కుంకుమ పెట్టేశారు, కనుబొమ్మ మీద గీతకి కూడా ఎవరో పసుపు అద్దారు. పిన్ని పిండి చేతిలోకి తీసుకుంటే, ముసలావిడ ఆపింది. ఆ చేతిని ముందు ఫోటోకి తాకించి, అప్పుడు పిల్ల చెంపకి రాయించింది. ఊరి ఆడవాళ్లందరూ ఒక్కసారిగా పాట ఎత్తుకున్నారు. పైడితల్లి తల ఎత్తి, పందిరంతా వినేలా నవ్వింది. నాకు ఒళ్లు పులకరించింది. గెలిచాం అనిపించింది. ఎవరి మీద గెలిచామో తెలియదు.

నలుగయ్యాక ముసలావిడ పక్కన చేరి, ఆ బొమ్మ దిద్దింది నేను కాదు మామ్మా, ఎలా వచ్చిందో నాకు తెలియదు అని ఉన్నదున్నట్టు చెప్పేశాను. ఆవిడేమీ ఆశ్చర్యపోలేదు. పసుపు అంటిన చేతిని కొంగుకి తుడుచుకుంది.

"తెలవడానికేటున్నాదమ్మి? కూతురి నలుగుకి తల్లి రాకండా ఉంటాదేటి?" అంది.

ఇన్నేళ్లయినా నాకు అంతకంటే మంచి జవాబు దొరకలేదు.