ముప్పావు గ్లాసు నీళ్ళు

మానసిక ఆరోగ్య పరిశోధన కేంద్రంలో ఆయన పని ప్రశ్నలు చదవడం. ఇరవై ఏళ్ళ కిందట దిగులు మీద జరిగిన ఒక పరిశోధనను మళ్ళీ చేస్తే అవే ఫలితాలు వస్తాయో లేదో చూస్తున్నారు. అందుకని అప్పటి ప్రశ్నలనే, అప్పటి వరుసలోనే, పైమాట ఒక్కటీ కలపకుండా చదవాలి. ఆయన గొంతులో భావం కూడా కలపడు. చొక్కా పై బొత్తాం పెట్టుకుని, పెన్సిల్ మొన చూసుకుని, "గత రెండు వారాల్లో బతుకు మీద విసుగు పుట్టిందా? ఎప్పుడూ లేదా, కొన్ని రోజులా, రోజూనా?" అని రైలు వేళలు చెప్పినట్టు అడుగుతాడు. ఇంట్లో భార్య "మీతో వేగలేక చస్తున్నాను" అన్నా, "కొన్ని రోజులా, రోజూనా?" అంటాడు. "రోజూనే, రాసుకోండి" అంటుందావిడ.

గడువు ఆఖరి రోజున అరవయ్యో మనిషిగా ఒక దర్జీ ఆవిడ వచ్చింది. ఆ ఒక్క ఫారం నిండితే ఎనిమిది నెలల పని గట్టెక్కుతుంది. నిద్ర గురించిన ప్రశ్న దగ్గర ఆమె జవాబు చెప్పబోయి ఏడ్చేసింది. ఆయన పెన్సిల్ పక్కన పెట్టి, తన సీసాలోని నీళ్ళు గ్లాసులో పోసిచ్చాడు. "నెమ్మదిగా తాగమ్మా, తొందరేం లేదు" అన్నాడు. ఆమె తేరుకుని మిగతా జవాబులన్నీ చెప్పి వెళ్ళాక, ఫారం మీద అడ్డంగా గీత కొట్టేశాడు.

"నిండిన ఫారం ఎందుకయ్యా కొట్టేశావు?" అని పరిశోధన నడిపే డాక్టరమ్మ తల పట్టుకుంది.

"నీళ్ళిచ్చాను మేడమ్. పాత పరిశోధనలో నీళ్ళు లేవు."

"అప్పుడూ ఎవరో ఒకరు ఇచ్చే ఉంటారయ్యా. రాసి ఉండరు, అంతే."

ఆయన రబ్బరు తీశాడు. గీత చెరిపి, ఫారం అంచున గుండ్రంగా రాశాడు: "నీళ్ళు, ముప్పావు గ్లాసు. పైమాటలు, నాలుగు."