పచ్చ తెర వెనక మా డాక్టరాంటీ

డాక్టరాంటీ పోయారన్న కబురు మావారు ఫోన్ చేసి చెప్పారు. నేను క్లాండాల్కిన్‌లో ఆఫీసులో ఉన్నాను. "ఆంటీ ఇక లేరు" అని, "ములింగార్ ఆసుపత్రిలోనే" అన్నారు. అంతకు ముందే ఆ ఊరి దగ్గర గుర్రపుశాలకు పని మీద వెళ్లి, అక్కడే కుప్పకూలిపోయారు. మెదడులో రక్తనాళం చిట్లిందన్నారు. మళ్లీ కళ్లు తెరవలేదు.

నేస్‌లో మా పక్కిల్లే ఆవిడది. కరీంనగర్ వైపు మనిషి. పశువైద్యం చదివి, ఈ దేశం వచ్చి, ఇక్కడి పరీక్షలూ రాసి, గుర్రాల ఆసుపత్రిలో పనిచేసేవారు. శని, ఆదివారాల్లో గుర్రాలు కంచెలు దూకే జంప్ రేసుల దగ్గర డ్యూటీ. మనవాళ్ల పార్టీల్లో ఎవరైనా "కుక్కల డాక్టరా ఆంటీ?" అని అడిగితే, "కాదు, పడ్డ గుర్రాల డాక్టర్ని" అనేవారు. అడిగినవాళ్లు నవ్వేవారు. ఆవిడ నవ్వేవారు కాదు.

ఆ మాటకు అర్థం నాకు మొదటిసారి రేసులకు వెళ్లిన రోజు తెలిసింది. మా అమ్మాయికి అప్పుడు ఏడేళ్లు. గుర్రాలు మా ముందున్న కంచె మీదికి ఒక్క ఊపున వచ్చాయి. గోధుమరంగు గుర్రం ఒకటి ముందుకాళ్లు తగిలి తలకిందులుగా పడింది. లేవబోయింది. ఒక కాలు మాట వినలేదు. జనంలోంచి "ఓహ్" అని ఒక్క శబ్దం వచ్చి ఆగిపోయింది. మనుషులు పరిగెత్తుకొచ్చి, జనానికి కనబడకుండా చుట్టూ పచ్చ తెరలు నిలబెట్టారు. ఆంటీ బ్యాగు పట్టుకుని వాటి వెనక్కి వెళ్లారు. మా పక్కనున్నవాళ్లు ఒక్కొక్కరే ముఖాలు తిప్పుకుని తర్వాతి పందెం గురించి మాట్లాడుకోసాగారు. తెర వెనకనుంచి ఏ చప్పుడూ రాలేదు. ఆంటీ బయటికి వచ్చాక, ఆ గుర్రాన్ని పెంచిన అమ్మాయి భుజం చుట్టూ చెయ్యి వేసి ఎంతసేపు నిలబడ్డారో.

ఇంటికి వస్తుంటే కారులో మా అమ్మాయి అడిగింది, "డిడ్ దే పుట్ హిమ్ టు స్లీప్, ఆంటీ?"

"లేదు బిడ్డా. చచ్చిపోయింది. నేనే సూది ఇచ్చిన" అన్నారావిడ. నేను కంగారుగా చూశాను. "నిద్రపోయిందంటే లేస్తదని చూస్తది పిల్ల. నిద్ర వేరు, ఇది వేరు" అన్నారు నాతో.

మరి ఇవన్నీ చూస్తూ ఆ పని ఎలా చేస్తారని ఒకసారి అడిగేశాను. "నేను ఇంట్ల కూసుంటే రేసులు ఆగుతయా? పడ్డదాని దగ్గరికి ఉరికేటోళ్లల్ల ఒకరు తక్కువైతరు, గంతే" అన్నారు.

తర్వాత రెండేళ్లకు మావారూ, ఆయన స్నేహితులు ముగ్గురూ కలిసి ఒక రేసుగుర్రంలో వాటా తీసుకున్నారు. నల్లటి ఆడగుర్రం. అసలు పేరు ఏదో పొడుగ్గా ఉండేది, మేం రాణి అనేవాళ్లం. దాని మొదటి పెద్ద పందేనికి కుటుంబాలతో సహా అందరం వెళ్లాం. పందెం మొదలయ్యే చోట కంచె పట్టుకుని నిలబడ్డాం. ఆ రోజు డ్యూటీ ఆంటీదే. గుర్రాలు గుండ్రంగా తిరుగుతున్నాయి. ఆవిడ చూపు రాణి కాలి మీద ఆగింది. రౌతును దింపి, దాన్ని పగ్గం పట్టి పరిగెత్తించమన్నారు. పరిగెత్తించారు. మళ్లీ అన్నారు.

"షీ ఈజ్ గ్రాండ్, డాక్టర్" అన్నాడు ట్రైనర్, దానికేం లేదన్నట్టు.

"వన్స్ మోర్, ప్లీజ్."

మిగతా గుర్రాలు ఆగలేక గిట్టలతో నేల తవ్వుతున్నాయి. పందెం ఆలస్యమవుతోందని మైకులో చెబుతున్నారు. మావారు ఉండబట్టలేక అరిచారు, "ఆంటీ, అది మాదండీ!"

ఆవిడ తల తిప్పలేదు. "ఎవరిదైతేంది, కాలు కాలే గదా" అని, ట్రైనర్‌కేసి చూసి అడ్డంగా తలూపారు. రాణిని పందెంలోంచి తీసేశారు. స్నేహితుల్లో ఒకాయన కోటు విదిలించుకుని కారు వైపు వెళ్లిపోయాడు.

రాణికి ఎక్స్‌రేలు తీశారు. ఏమీ కనబడలేదు. ఆ మాట చెప్పడానికి మావారు పక్కింటి తలుపు కొట్టారు. నేనూ వెంట వెళ్లాను, మాట తూలతారేమోనని.

"ఏం లేదన్నారు ఆంటీ. ఎముక శుభ్రంగా ఉందట."

"మంచిదే కదా."

"అంటే, మీరు పొరబడ్డట్టేగా?"

ఆవిడ కెటిల్ ఆన్ చేసి, అల్మరాలోంచి కప్పులు తీశారు. "కావచ్చు బాబూ. ఈ పొరపాటు బతికి గడ్డి తింటున్నది. ఇంకో తీరు పొరపాటైతే?"

 వచ్చే నెల పందేనికి ట్రైనర్ రాణి పేరిచ్చాడని చెప్పారు మావారు.

"మీ గుర్రం, మీ ఇష్టం. నాకది ఇంకా నచ్చలే. ఒక్క ముచ్చట చెప్త. ఆనాడు ఏమన్నైతే నువ్వు తెర లోపలికి రావాలె. దాని తల పట్టుకోవాలె. బయట నిలబడుడు కాదు. వస్తవా?"

టీ చల్లారిపోయింది.  తర్వాతి వారమంతా మావారు, రాణిని పరిగెత్తించొద్దని ఫోన్లో స్నేహితులతో వాదించారు, బతిమాలారు. ఇద్దరు ఒప్పుకున్నారు. మూడో ఆయన ఇప్పటికీ మాతో మాట్లాడడు. రాణి పరిగెత్తలేదు. పిల్లలకు స్వారీ నేర్పే ఒకావిడ దగ్గరికి చేరింది. ఆ కాలిలో నిజంగా ఏమైనా ఉందా అన్నది ఎవరికీ తెలియలేదు. అది ఎప్పటికీ తెలియకూడదనే మావారు కోరుకున్నారని నాకు ఇప్పుడు అనిపిస్తుంది.

నేను ఆంటీని డ్యూటీలో ఆఖరుసారి చూసింది ఈ చలికాలంలో. ఆవిడ కారు రిపేరులో ఉందని, ఆవిడను ఇంటికి తీసుకురావడానికి వెళ్లాను. చివరి పందెం అప్పుడే అయింది. నాలుగింటికే చీకటి పడబోతోంది, పైగా పొగమంచు. గుర్రాలు ఒక్కొక్కటే వెనక్కి వస్తున్నాయి. ఆంటీ గేటు దగ్గర నిలబడి ప్రతిదాని కాళ్లూ చూస్తున్నారు.

"పోదామా ఆంటీ?"

"ఒకటి రాలే."

చాలా దూరంలోని కంచె దగ్గర రౌతు కిందపడ్డాడట. అతను ఒంటినిండా బురదతో నడుచుకుంటూ వచ్చాడు. గుర్రం మాత్రం ఎటో పరిగెత్తింది. "ఇట్ విల్ టర్న్ అప్" అన్నాడు గేటు దగ్గరి మనిషి. కార్లు ఒక్కొక్కటే వెళ్లిపోతున్నాయి. ఆంటీ బ్యాగు భుజాన వేసుకుని మంచులోకి నడిచారు. పది అడుగులకే కనబడలేదు. నేను గేటు ఇనుపకమ్మీ పట్టుకుని నిలబడ్డాను. నీళ్లు కారుతున్న గడ్డి. దూరంగా ఎవరో తెరలు సిద్ధంగా పెట్టుకున్నారు.

చాలాసేపటికి గిట్టల చప్పుడు వినబడింది. పరుగు కాదు, నడక. ముందు తెల్లటి ఆవిరి కనబడింది, తర్వాత గుర్రం తల, దాని మెడ మీద ఆవిడ చెయ్యి. ఇద్దరూ బురదలో ఒకరికొకరు ఆనుకుని తాపీగా నడిచి వస్తున్నారు. ఆంటీ దాని చెవి దగ్గర ఏదో చెబుతున్నారు. అది తల వంచి వింటోంది.