నిమ్మకాయ వెనక ఈరన్న

డోన్ బైపాస్‌లో మా షెడ్డుంది. అందులో బ్రేకుల పనంతా పెద్ద ఈరన్నదే. ఊరు కోసిగి. వానల్లేక చిన్నప్పుడే ఇంట్లోవాళ్లతో గుంటూరు మిరప కోతకు పోయి, అక్కడ లారీల దగ్గర ఈ పని పట్టాడు. ఆయనదొక పద్ధతి. కొత్త బండితో అందరూ నిమ్మకాయలు తొక్కిస్తారు. ఈయన బ్రేకులు మార్చాక రోడ్డు మీద నిమ్మకాయ పెట్టి, తొక్కకుండా ఆపిస్తాడు. ఆగితేనే తాళాలిస్తాడు.

మొన్న రాళ్లగనుల వాసుదేవ్ తన ఖరీదైన ఫారిన్ జీపు తెచ్చాడు. పెద్ద రిమ్ములు, పల్చటి టైర్లు. గని దారిలో రాయి తగిలి టైరు పేలిందట. అప్పుడు వాళ్లమ్మ వెంకటలక్ష్మమ్మ బండిలోనే ఉంది.

"చిన్న రిమ్ము, లావు టైరు ఎయ్యల్ల" అన్నాడు ఈరన్న. వేసి చూస్తే రిమ్ము బ్రేకుకు తగిలింది.

"రోంత గీకితే పోదా?" అన్నాడు వాసుదేవ్.

"బ్రేకును గీకుతారా సారూ? ఇదే బండి చిన్న ఇంజనుదానికి వచ్చే చిన్న బ్రేకులు తెప్పీ. సరిపోతాయి."

అవి వచ్చాయి. ఈరన్న బిగించి బ్రేకు గొట్టాల్లో గాలి తీస్తుంటే పెడలు తొక్కి తొక్కి నా కాలు పడిపోయింది. తర్వాత తనే ఖాళీ రోడ్డు మీద తోలి చూసుకున్నాడు.

తెల్లారి వెంకటలక్ష్మమ్మకు కర్నూల్లో కంటి ఆపరేషను. షెడ్డు దాకా ఆటోలో వచ్చింది గానీ జీపు ఎక్కనంది.

"పెద్ద బ్రేకులు పీకి చిన్నవి పెట్టినావంటనే. కన్ను పోతే పోనీ, నేనెక్క."

ఈరన్న నిమ్మకాయ తెచ్చి రోడ్డు మీద పెట్టాడు.

"కాయదేముండాది, పగిల్తే ఇంగోటి తెస్తావు. దాని ఎనక నువ్వు నిలబడప్పా" అందామె.

ఈరన్న నిలబడ్డాడు. వాసుదేవ్ బండి తోలుకొచ్చి, భయపడి టీ కొట్టు దగ్గరే ఆపేశాడు.

"ఆడైతే ఎద్దులబండి గూడా ఆగుతాది. గెట్టిగా రారా" అని కేకేసింది తల్లి.

ఈసారి గట్టిగానే వచ్చాడు. పక్కనున్న నేనే ఒక అడుగు వెనక్కి వేశాను. ఈరన్న కదల్లేదు. బండి ముక్కు కిందికి వంగి ఆగిపోయింది. ఆయన ఒంగి బంపరు కింద నుంచి నిమ్మకాయ తీశాడు. చెక్కు చెదరలేదు.

"బయమెయ్యలేదా?" అందామె.

"ఏసిందమ్మా. బ్రేకుకు గాదు, మీ కొడుకు కాలికి."

ఆమె నవ్వింది. "ఆ కాలితోనే గదా కర్నూలు దాకా పోవల్ల. నువ్వూ ఎక్కు."

ఈరన్న కాయ నా చేతిలో పెట్టి, సీటు మీద గోనెసంచి పరుచుకుని కూర్చున్నాడు. బండి పోయింది. నేను ఆ కాయ కోసి చేతుల గ్రీసు కడుక్కున్నాను.